ఈయూ పాఠాన్ని క్రొయేషియా లెక్కలతో చెప్పండి: ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

ఇంటర్, డిగ్రీ, పోటీ పరీక్షల కోసం తెలుగులో ఆర్థికశాస్త్రం రాస్తున్న రచయితలకు, ఆ పాఠాలు చెబుతున్న అధ్యాపకులకు,

నమస్కారం. ప్రాంతీయ ఆర్థిక కూటముల అధ్యాయం మన పుస్తకాల్లో చాలావరకు ఒకే మూసలో సాగుతోంది. స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం, కస్టమ్స్ యూనియన్, ఉమ్మడి మార్కెట్, ఆర్థిక యూనియన్ అని నాలుగు మెట్లు చెబుతారు. ఆ వెంటనే ప్రయోజనాలు అయిదు, నష్టాలు అయిదు. విద్యార్థి వాటిని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటాడు. అదే విద్యార్థిని, ఒక దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరితే మొదటి ఏడాది ఖజానాకు ఏమవుతుంది, ఎవరి ఉద్యోగం పోతుంది, నిధులు ఎందుకు ఆలస్యమవుతాయి అని అడగండి. నోరు మెదపడు. తప్పు అతనిది కాదు. అతనికి మనం ఒక్క దేశాన్ని కూడా పూర్తిగా చూపించలేదు.

అందుకే ఈ విన్నపం. ఆ అధ్యాయంలో క్రొయేషియాను పెట్టండి. 2013 జులై 1న ఈయూలో చేరిన దేశం అది. ఆ తర్వాత ఇప్పటిదాకా మరే దేశమూ చేరలేదు. జనాభా 40 లక్షల లోపు కాబట్టి మార్పులు స్పష్టంగా కనిపిస్తాయి. సభ్యత్వం, షెంగెన్ (పాస్‌పోర్టు తనిఖీ లేకుండా తిరగగలిగే దేశాల ప్రాంతం), యూరో మూడింటినీ పదేళ్లలోపే పూర్తి చేసింది. రాసేటప్పుడు ఒక్క నియమం పాటిస్తే చాలు: ప్రతి లాభానికీ ప్రతి నష్టానికీ పక్కన ఒక తేదీ వేయండి, అది ఎవరి మీద పడిందో రాయండి. "పోటీ పెరుగుతుంది" అని వదిలేస్తే విద్యార్థికి ఏమీ అందదు. ఏ పరిశ్రమకు, ఏ ఏడాది, ఏ నిబంధన వల్ల అన్నది చెబితేనే అది పాఠమవుతుంది.

మొదట సరిచేయాల్సింది కాలక్రమం. చేరిన రోజు నుంచే ప్రభావాలు మొదలవుతాయన్నట్టు రాస్తున్నారు. క్రొయేషియా 2003 ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టింది. 2005 అక్టోబరులో చర్చలు మొదలై 2011 జూన్ 30న ముగిశాయి. మధ్యలో పిరాన్ అఖాతం సరిహద్దు తగాదాతో పొరుగున ఉన్న స్లోవేనియా నెలల తరబడి చర్చలను ఆపేసింది. ప్రతి సభ్యదేశానికీ వీటో ఉంది కాబట్టి అది సాధ్యమైంది. ఈ చర్చల్లో 35 అధ్యాయాలు ఉంటాయి. పేరుకు చర్చలే కానీ, ఈయూ చట్టాలను మార్చమని అడిగే వీలు ఉండదు. ఎప్పటికల్లా అమలు చేస్తారు, దేనికి ఎన్నేళ్ల గడువు కావాలి అన్నదే బేరం. దేశ ఆర్థిక వ్యవస్థలో పెద్ద కోతలు పడేది ఈ దశలోనే.

దానికి ఓడల తయారీ కన్నా మంచి ఉదాహరణ లేదు. అడ్రియాటిక్ తీరంలోని షిప్‌యార్డులు యుగోస్లావియా కాలం నుంచి వేల మందికి జీతాలిచ్చాయి. నష్టం వస్తే ప్రభుత్వం పూడ్చేది. ఈయూ నిబంధనల ప్రకారం, పోటీని దెబ్బతీసే ప్రభుత్వ సాయం ఇష్టమొచ్చినట్టు ఇవ్వడానికి లేదు. కాబట్టి పోటీ విధానానికి సంబంధించిన 8వ అధ్యాయం ముగియాలంటే యార్డులను పునర్‌వ్యవస్థీకరించాలి, ప్రైవేటుకు అమ్మాలి, ఉత్పత్తి సామర్థ్యం తగ్గించుకోవాలి అన్నారు. స్ప్లిట్‌లోని యార్డును అమ్మారు. క్రాల్యెవిత్సాలోని యార్డు దివాలా తీసింది. రియెకాలోని మరో యార్డును పులా పట్టణంలోని ఉల్యానిక్ కొనుక్కుంది. 1856లో పుట్టిన ఆ ఉల్యానిక్ కూడా 2019లో దివాలా తీసింది. ఖజానా మీద భారం ఎలా పడిందో విద్యార్థికి విప్పి చెప్పాలి. ఓడ కొనేవాడు ముందుగానే వాయిదాల్లో అడ్వాన్సు ఇస్తాడు. ఓడ రాకపోతే ఆ డబ్బు తిరిగి ఇస్తామని బ్యాంకు హామీ ఇస్తుంది. బ్యాంకుకు వెనుక నుంచి ప్రభుత్వం హామీ ఇస్తుంది. యార్డు గడువు తప్పింది, కొనేవాడు ఆర్డరు రద్దు చేశాడు, అడ్వాన్సు వెనక్కి అడిగాడు. చివరికి చెల్లించింది ప్రభుత్వం. బడ్జెట్‌లో సబ్సిడీ పద్దు కింద ఎక్కడా కనిపించని ఖర్చు ఒక్కసారిగా అప్పుగా తేలింది. ఇది ఈయూ తెచ్చిన నష్టమని రాయొద్దని మా మనవి. యార్డులు ఖర్చుకన్నా తక్కువ ధరకు ఆర్డర్లు పట్టడం అంతకుముందు నుంచే ఉంది. ఆ నష్టాన్ని పన్ను డబ్బుతో కప్పేసే దారిని మాత్రమే ఈయూ మూసింది.

ఇక చేరిన రోజు. 2013 జులై 1 నుంచి స్లోవేనియా, హంగరీ సరిహద్దుల్లో కస్టమ్స్ తనిఖీ ఎత్తేశారు. పాస్‌పోర్టు తనిఖీ మాత్రం 2022 చివరిదాకా సాగింది. అప్పటిదాకా లారీల పత్రాలు నింపి, సుంకం కట్టించి బతికిన క్లియరింగ్ ఏజెంట్లకు ఆ సరిహద్దుల్లో పని లేకుండా పోయింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక మన రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేయడం మన పిల్లలకు తెలుసు. ఆ పోలిక తీసుకోండి, ఇక్కడ అది సరిగ్గా అతుకుతుంది. ఖజానాకు ఆ ఏడాది పడే గండి సంగతి కూడా చెప్పండి. చేరకముందు దిగుమతిదారు సరుకు విడిపించుకునేటప్పుడే వ్యాట్ కట్టేవాడు. చేరాక ఈయూ లోపలి నుంచి వచ్చే సరుకు మీద సరిహద్దులో ఏమీ కట్టడు. నెలవారీ రిటర్నులో ఒక గడిలో పన్ను చూపించి, మరో గడిలో మినహాయించుకుంటాడు. ప్రభుత్వానికి డబ్బు చేరేది ఆ సరుకు దేశం లోపల అమ్ముడయ్యాకే. పన్ను పోలేదు, వెనక్కి జరిగింది అంతే. కానీ బడ్జెట్ ఏడాది లెక్కలో అది నిజమైన లోటే. ఇది ఒక్కసారి వచ్చి పోయేది. దీన్నీ ఏటా ఉండే భారాన్నీ ఒకే గాటన కట్టకూడదు.

పన్ను ఈ రకంగా సరిహద్దు దాటి జరిగినందువల్ల ఒక మోసానికి కూడా తలుపు తెరుచుకుంటుంది. క్రొయేషియాలో వ్యాట్ 25 శాతం. ఒక బోగస్ కంపెనీ స్లోవేనియా నుంచి లక్ష యూరోల ఫోన్లు పన్ను లేకుండా తెప్పిస్తుంది. లోపల మరో కంపెనీకి లక్షకూ, దాని మీద 25 వేల వ్యాట్‌కూ కలిపి అమ్ముతుంది. ఆ 25 వేలు ఖజానాకు కట్టకుండా మాయమవుతుంది. కొన్న కంపెనీ ఆ ఫోన్లను మళ్లీ వేరే సభ్యదేశానికి ఎగుమతి చేసి, తాను చెల్లించిన 25 వేలను వాపసు అడుగుతుంది. తనకు రానే రాని డబ్బును ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. అవే ఫోన్లు నాలుగుసార్లు తిరిగితే లక్ష యూరోలు పోతాయి. మన జీఎస్టీలో తమిళనాడు వ్యాపారి ఆంధ్రప్రదేశ్‌కు అమ్మేటప్పుడు ఐజీఎస్టీ వేస్తాడు, కాబట్టి రాష్ట్రం దాటినా పన్ను గొలుసు తెగదు. ఈయూలో సరిహద్దు దగ్గర అది తెగుతుంది. నకిలీ బిల్లుల బెడద మనకూ ఉంది, కానీ ఈ రకం మోసం ఎక్కడ పుడుతుందో చెప్పడానికి ఈ తేడా చూపించడం కన్నా సులువైన మార్గం లేదు.

వాణిజ్య సృష్టి (కూటమి వల్ల ఖరీదైన సొంత సరుకు బదులు చవకైన సభ్యదేశం సరుకు రావడం), వాణిజ్య మళ్లింపు (చవకైన బయటి దేశాన్ని వదిలి సభ్యదేశం నుంచి కొనడం) అన్న భావనలను 1950లో జాకబ్ వైనర్ ఇచ్చాడని మన పుస్తకాలన్నీ రాస్తాయి, రెండు దేశాలు ఎ, బి అని పట్టిక వేస్తాయి. ఎ, బి ల బదులు బోస్నియా అని రాయండి. చేరేముందు క్రొయేషియా, బోస్నియా, సెర్బియా తదితర దేశాలు కలిసి మధ్య ఐరోపా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో ఉండేవి. ఈయూలో చేరే దేశం తన పాత వాణిజ్య ఒప్పందాలన్నీ వదిలేసుకోవాలి. 2013 జులై 1న క్రొయేషియా అందులోంచి బయటికి వచ్చింది. ఆ రోజు నుంచే బోస్నియాతో దాని వ్యాపారం ఈయూ–బోస్నియా ఒప్పందం కిందికి వెళ్లింది. అందులో వ్యవసాయ సరుకులకు రాయితీలు తక్కువ. నిన్నటిదాకా సుంకం లేకుండా వెళ్లిన మాంసం, పాల ఉత్పత్తుల్లో కొన్నింటి మీద సుంకం పడింది. ఆ ఒప్పందాన్ని సవరించే ప్రోటోకాల్ మీద సంతకాలు 2016 చివర్లో గానీ కాలేదు. అటువైపు బోస్నియా పాల రైతులకు ఇంకా గట్టి దెబ్బ తగిలింది. వాళ్ల డెయిరీలకు అప్పటికి ఈయూ ఆహార భద్రత ధ్రువీకరణ లేదు, కాబట్టి ఎన్నాళ్లుగానో క్రొయేషియాకు వెళ్తున్న పాలు సరిహద్దులో ఆగిపోయాయి. పాల నాణ్యత రాత్రికి రాత్రి తగ్గలేదు, కాగితం లేదంతే.

ఈ కాగితం సంగతి మన తీరానికీ వర్తిస్తుంది, బలవంతపు పోలిక కాదిది. ఆంధ్రప్రదేశ్ రొయ్యలకు ఈయూ పెద్ద మార్కెట్. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో, భారత్ నుంచి వచ్చే సాగు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. ఎండుమిర్చికి అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్ష ఉంది. కొత్త దేశం ఏది చేరినా, చేరిన రోజు నుంచి దాని రేవులో కూడా ఇవే నిబంధనలు, ఇవే సుంకాలు. చేరకముందు ఆ దేశం మన సరుకు మీద తక్కువ సుంకం వేస్తూ ఉండి, చేరాక ఈయూ ఉమ్మడి సుంకం వల్ల అది పెరిగితే మనం ఊరుకోవాల్సిన పని లేదు. గాట్ (సుంకాలు, వాణిజ్యంపై అంతర్జాతీయ ఒప్పందం) 24వ అధికరణం 6వ పేరా ప్రకారం, కొత్తగా చేరిన దేశం అంతకుముందు ఒప్పుకున్న పరిమితిని మించి సుంకం పెరిగితే పరిహార చర్చలకు కూటమి సిద్ధపడాలి. ఆ సరుకులో ప్రధాన సరఫరాదారుగా ఉన్న దేశం ఆ చర్చలు కోరవచ్చు. అదే సరుకు మీద కూటమిలోని ఇతర దేశాల్లో సుంకం తగ్గింది కదా, అదే పరిహారం అని ఈయూ వాదించే వీలూ అదే పేరాలో ఉంది. భారత్–ఈయూ స్వేచ్ఛా వాణిజ్య చర్చలు ముగిశాయని 2026 జనవరిలో ప్రకటించారు. ఈయూ చేసుకున్న వాణిజ్య ఒప్పందాలన్నింటిలోనూ కొత్త సభ్యదేశం చేరాల్సిందే కాబట్టి, ఇకముందు ఈయూలో ఎవరు చేరినా ఆ ఒప్పందంలోకీ వస్తారు. ఎగుమతుల గురించి రాసే ప్రతి తెలుగు పుస్తకంలోనూ ఈ నాలుగు ముక్కలు ఉండాలి.

నిధుల దగ్గరికొద్దాం. "ఈయూ నిధులు లభిస్తాయి" అన్న ఒక్క వాక్యంతో మన పుస్తకాలు సరిపెడుతున్నాయి. పెల్యెషాట్స్ వంతెనను చూపించండి. మ్యాపు తీస్తే క్రొయేషియా తీరం నేయుమ్ దగ్గర తెగిపోయి ఉంటుంది. అక్కడ సుమారు 20 కిలోమీటర్ల తీరం బోస్నియాది. డుబ్రోవ్నిక్ వెళ్లాలంటే సొంత దేశంలోంచి బోస్నియాలోకి, మళ్లీ సొంత దేశంలోకి రెండు తనిఖీలు దాటాలి. 2013 తర్వాత ఆ రెండూ ఈయూ బయటి సరిహద్దులయ్యాయి. నేయుమ్‌ను తప్పించి సముద్రం మీద 2,404 మీటర్ల వంతెన కట్టాలని నిర్ణయించారు. 2017 జూన్‌లో ఈయూ 35.7 కోట్ల యూరోలు మంజూరు చేసింది. అర్హమైన ఖర్చులో అది 85 శాతం. టెండరు చైనా రోడ్ అండ్ బ్రిడ్జ్ కార్పొరేషన్‌కు దక్కింది. పోటీ పడిన ఐరోపా కంపెనీల ఫిర్యాదులు నిలవలేదు. 2022 జులై 26న వంతెన తెరిచారు. ఐరోపా పన్ను చెల్లింపుదారుల డబ్బుతో చైనా కంపెనీ కట్టిన వంతెన ఇది. బహిరంగ టెండరు నియమం ఎటు తీసుకెళ్తుందో దీనికి మించి వివరించే వాక్యం అక్కర్లేదు.

మంజూరైన డబ్బు చేతికి రావడం మాత్రం వేరే కథ. 2014–2020 బడ్జెట్ కాలానికి క్రొయేషియాకు కేటాయించింది సుమారు 1,070 కోట్ల యూరోలు. మొదటి కొన్నేళ్లు నిధుల వాడకంలో అది అట్టడుగు దేశాల్లో ఉంది. కారణం ఏమిటో మెట్టు మెట్టుగా రాయండి. కొంత అడ్వాన్సు పోను మిగతాది ముందు దేశమే ఖర్చు పెట్టాలి, బిల్లులు చూపించి తిరిగి తెచ్చుకోవాలి. 15 శాతం సొంత వాటా ఉండాలి. చిన్న మున్సిపాలిటీకి ఆ 15 శాతమే దొరకదు. అంతకన్నా ముందు భూసేకరణ, పర్యావరణ అనుమతి, డిజైన్ సిద్ధంగా ఉండాలి. ఇవేవీ లేకుండా నిధుల ప్రకటన వెలువడితే దరఖాస్తు పెట్టడానికే రెండేళ్లు పోతాయి. టెండరులో ఓడినవాడు ఫిర్యాదు చేస్తే ఒప్పందం ఆగుతుంది. పని అయ్యాక ఆడిట్‌లో టెండరు షరతు ఒక్కటి ఒక కంపెనీకి అనుకూలంగా ఉందని తేలితే, ఆ ఒప్పందం విలువలో 5, 10 లేదా 25 శాతం కోత పెడతారు, తీవ్రత బట్టి మొత్తం కూడా. వీటన్నింటి మీద ఒక గడువు ఉంది: ఏ ఏడాది కేటాయింపును ఆ తర్వాతి మూడేళ్లలోపు ఖర్చు చేసి బిల్లులు పెట్టకపోతే ఆ సొమ్ము రద్దు. కేంద్ర పథకాల నిధులు వినియోగ ధ్రువపత్రాలు పంపక ఆగిపోవడం చూసిన మన జిల్లా అధికారులకు ఈ పేరా కొత్తగా అనిపించదు.

ఈయూకు దేశం చెల్లించేది కూడా లెక్కలో ఉండాలి. వసూలు చేసిన కస్టమ్స్ సుంకంలో 75 శాతం ఈయూకే పోతుంది. మిగిలిన 25 శాతం వసూలు ఖర్చు కింద దేశం ఉంచుకుంటుంది. 2014 నుంచి 2020 దాకా ఉంచుకున్నది 20 శాతం. వ్యాట్ మూలాధారం (వ్యాట్ పడే సరుకులు, సేవల మొత్తం విలువ) మీద 0.30 శాతం, రీసైకిల్ చేయని ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు కిలోకు 0.80 యూరో. మిగతా లోటంతా స్థూల జాతీయాదాయం నిష్పత్తిలో. ఈ చెల్లింపులు చేరిన రోజు నుంచి మొదలవుతాయి, నిధులు మాత్రం పైన చెప్పిన ఆలస్యాలన్నీ దాటి వస్తాయి. అందుకే సిద్ధంగా లేని దేశం కేటాయింపుల లెక్కలో లాభపడినట్టు కనిపిస్తూనే, నగదు లెక్కలో మొదటి ఏడాదిలో నష్టపోవచ్చు.

రైతుల విషయం క్లుప్తంగా. హెక్టారుకు ఇచ్చే ప్రత్యక్ష సాయం పాత సభ్యదేశాల రైతులతో సమానంగా మొదటి రోజే రాదు. 2013కి 25 శాతం, తర్వాత 30, 35, 40, ఆపైన ఏటా 10 శాతం పెరిగి 2022కి గానీ 100 కాలేదు. తేడాలో కొంత భాగాన్ని సొంత బడ్జెట్ నుంచి ఇచ్చుకునే వీలుంది. పోటీ మాత్రం మొదటి రోజు నుంచే పూర్తిగా ఉంది. పాడి రైతులు పెద్ద సంఖ్యలో ఆ పని వదిలేశారు. 2017లో ఈయూ చక్కెర కోటాలు ఎత్తేశాక చక్కెర ధర పడిపోయి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. సాగుభూమిని ఈయూలోని ఇతర దేశాల వాళ్లు కొనకుండా మాత్రం పదేళ్లు, 2023 జూన్ దాకా, అడ్డు పెట్టుకోగలిగారు. బేరంలో గడువు అడగడం అంటే ఇదే.

మా దృష్టిలో అన్నిటికన్నా బరువైన పేరా వలసల గురించినది. మన పుస్తకాల్లో అది "శ్రామికుల స్వేచ్ఛా సంచారం" పేరుతో ప్రయోజనాల జాబితాలో ఉంటుంది. ఎవరికి ప్రయోజనం? 2011 జనగణనలో క్రొయేషియా జనాభా 42,84,889. 2021లో 38,71,833. పదేళ్లలో 4 లక్షల 13 వేల మంది తగ్గారు, అంటే 9.6 శాతం. జననాల కన్నా మరణాలు ఎక్కువ కావడం కొంత, వలస కొంత. తూర్పున స్లవోనియా ప్రాంతంలోని వుకోవర్–స్రియెమ్ జిల్లా అయిదో వంతు జనాన్ని పోగొట్టుకుంది. తలుపులు ఒకేసారి తెరుచుకోలేదు. పాత సభ్యదేశాలు 2+3+2 లెక్కన ఏడేళ్ల దాకా తమ ఉద్యోగ మార్కెట్‌ను మూసి ఉంచుకోవచ్చు. జర్మనీ 2015 జులైలో తెరిచింది, ఆస్ట్రియా 2020 దాకా ఆగింది. వెళ్లేది చదువుకున్నవాళ్లు, పాతికేళ్ల వాళ్లు, పిల్లలున్న కుటుంబాలు. నర్సు వెళ్తే ఆమె చదువుకు క్రొయేషియా పెట్టిన ఖర్చు జర్మనీ ఆసుపత్రికి ఉపయోగపడుతుంది. ఊళ్లో బడి మూతపడుతుంది, పింఛన్ నిధికి చందా కట్టేవాళ్లు తగ్గుతారు. వెళ్లిన కుటుంబం ఆదాయం పెరుగుతుంది, ఉన్నవాళ్ల వేతనాలూ పెరుగుతాయి. రెండూ నిజమే. వ్యక్తికి లాభం, ఊరికి నష్టం అని విడదీసి రాయండి, అప్పుడే విద్యార్థికి స్పష్టమవుతుంది. లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పండి. వెళ్లేవాళ్లలో చాలామంది స్వదేశంలో చిరునామా రద్దు చేసుకోరు, కానీ జర్మనీలో నమోదు చేసుకోక తప్పదు. కాబట్టి పంపిన దేశం లెక్క ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. చేరిన దేశం రికార్డుతో పోల్చి చూడాలి.

ఖాళీ అయిన పనుల్లోకి బయటివాళ్లు వచ్చారు. 2021 నుంచి విదేశీ కార్మికుల వార్షిక కోటాలు ఎత్తేశారు. 2024లో ఇచ్చిన వర్క్ పర్మిట్లు 2 లక్షలు దాటాయి. ఎక్కువమంది బోస్నియా, సెర్బియా, నేపాల్ వాళ్లు. ఫిలిప్పీన్స్, భారత్ నుంచీ ఉన్నారు. భవన నిర్మాణం, హోటళ్లు, డెలివరీ పనులు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఈయూ పౌరుడికి ఉన్న స్వేచ్ఛ వీళ్లకు లేదు. ఆ పర్మిట్ క్రొయేషియాలో పనికే. దాన్ని చూపించి జర్మనీలో ఉద్యోగం చేసుకోవచ్చని ఎవరైనా చెబితే అది అబద్ధం. ఈ ఒక్క వాక్యం మన పుస్తకంలో ఉంటే, పరీక్షకు పనికొచ్చినా రాకపోయినా, ఎవరో ఒకరి లక్షల రూపాయలు నిలుస్తాయి.

యూరో గురించి మన పుస్తకాల్లో సిద్ధాంతం బాగానే ఉంది, ఆచరణే లేదు. క్రొయేషియా 2020 జులైలో మారకపు రేటు యంత్రాంగంలోకి (సొంత కరెన్సీ విలువను యూరోతో ముడిపెట్టే ముందు మెట్టు), 2023 జనవరి 1న యూరోలోకి వెళ్లింది. ఖరారు రేటు 7.53450 కూనాలకు (క్రొయేషియా పాత కరెన్సీ) ఒక యూరో. సంఖ్యను కుదించకుండా మొత్తం అయిదు దశాంశాలతో భాగించి, చివర సెంటుకు సవరించాలన్నది నియమం. పది కూనాల కాఫీ 1.327 అవుతుంది, 1.33గా రాయాలి. కాఫీ దుకాణం దాన్ని 1.50 చేస్తే అది 11.30 కూనాలు, అంటే 13 శాతం పెంపు. ఇలాంటిది ఎవరి కంటా పడకుండా జరగకూడదని 2022 సెప్టెంబరు 5 నుంచి 2023 చివరిదాకా రెండు ధరలూ పక్కపక్కన రాయాలని చట్టం చేశారు. మార్పిడి వల్ల మొత్తం ధరల సూచీ మీద పడిన ప్రభావం అర శాతం లోపేనని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అంచనా. అయినా జనానికి ధరలు మండిపోయినట్టే అనిపించింది. కాఫీ, క్షవరం, బేకరీ రోజూ కొనేవి, అవే ఎక్కువ పెరిగాయి. అప్పటికే ఐరోపా అంతటా ద్రవ్యోల్బణం ఎక్కువగా ఉంది. ఇక ద్రవ్య విధానం చేజారిపోయిందన్న విమర్శ క్రొయేషియా విషయంలో అంత బలమైనది కాదు. అక్కడి పొదుపులూ అప్పులూ అప్పటికే చాలావరకు యూరోలోనో, యూరోతో ముడిపడో ఉన్నాయి. కూనా విలువ పడనిస్తే అప్పున్న ప్రతి ఇల్లూ కుంగేది, కాబట్టి కేంద్ర బ్యాంకు దాన్ని ఎలాగూ పడనివ్వలేదు. మారకపు రేటును నిజంగా వాడుకునే పోలండ్ లాంటి దేశానికి ఇదే వాదన వర్తించదు. యూరో వచ్చిన రోజే క్రొయేషియాకు షెంగెన్ కూడా వచ్చి స్లోవేనియా సరిహద్దులో పాస్‌పోర్టు క్యూలు పోయాయి. కానీ అదే ఏడాది అక్టోబరులో స్లోవేనియా తాత్కాలిక తనిఖీలు మళ్లీ పెట్టింది. దాన్నీ రాయండి.

చివరిగా అసలు ప్రశ్న: చేరడం వల్ల దేశం బాగుపడిందా? ముందు–తర్వాత పోల్చి జవాబు చెప్పే అలవాటు మానుకుందాం. క్రొయేషియా 2009 నుంచి 2014 దాకా మాంద్యంలో ఉంది. అంటే చేరిన ఏడాది, ఆ మరుసటి ఏడాది కూడా ఉత్పత్తి తగ్గింది. ఆ రెండేళ్లే చూస్తే సభ్యత్వం ముంచింది అనాలి. కొనుగోలు శక్తి లెక్కన తలసరి ఆదాయం 2013లో ఈయూ సగటులో 60 శాతం చుట్టూ ఉండేది, 2024 నాటికి 75 దాటింది. అది చూస్తే సభ్యత్వం తేల్చింది అనాలి. రెండూ తొందరపాటే. తలసరి లెక్కలో ఒక మెలిక ఉంది. మొత్తం ఉత్పత్తి ఒక్క యూరో కూడా పెరగకుండా జనాభా 9.6 శాతం తగ్గితే, తలసరి ఆదాయం దానంతట అదే 10.6 శాతం పెరుగుతుంది. 100ను 90.4తో భాగించి చూడమనండి, పిల్లలు తామే కనిపెడతారు. సరైన పోలిక, చేరకపోయి ఉంటే ఆ దేశం ఎలా ఉండేదన్నదానితో. కాంపోస్, కొరిచెల్లి, మొరెట్టి అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అలాగే చేశారు. చేరని దేశాలను తగిన పాళ్లలో కలిపి, చేరకముందు అచ్చం ఆ దేశంలాగే నడిచిన ఒక నమూనా తయారుచేస్తారు. చేరాక రెండు గీతలు ఎంత దూరం జరిగాయో కొలుస్తారు. 1973 నుంచి 2004 దాకా చేరిన దేశాలను అలా చూస్తే దాదాపు అన్నిటికీ లాభమే కనిపించింది, గ్రీసుకు తప్ప. 1981లో చేరిన గ్రీసు ఎందుకు తప్పిందన్నది తరగతిలో ఒక గంట చర్చకు సరిపోతుంది. దేశీయ పరిశ్రమ రక్షణ తీసేశారు, సంస్థల సంస్కరణ మాత్రం జరగలేదు. వచ్చిన నిధులు చాలావరకు వినియోగానికి పోయాయి. ఇది మా అంచనా, మీరు వేరేలా వాదించవచ్చు.

పైన వాడిన వాణిజ్యం, తలసరి ఆదాయం, జనాభా లెక్కలు యూరోస్టాట్, క్రొయేషియా గణాంక సంస్థ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. పట్టికలు దించుకుని తెలుగులో అచ్చు వేయడానికి ఖర్చేమీ ఉండదు. కొత్త ముద్రణలో నాలుగు మెట్ల పట్టిక ఉంచండి, అది అవసరమే. అయిదేసి పాయింట్ల జాబితాలు తీసేసి ఆ స్థలంలో ఈ దేశాన్ని పెట్టండి. ప్రశ్నపత్రం మారకపోతే పుస్తకం మారినా ఎవరూ చదవరు కాబట్టి, ప్రశ్నలు కూడా మీరే ఇవ్వండి. ఒక నమూనా మేం పంపుతున్నాం.

"మాంటెనెగ్రో 2012 నుంచి ఈయూతో చర్చల్లో ఉంది, 2028లో చేరాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఇప్పటికీ సెర్బియా, బోస్నియాలతో పాటు మధ్య ఐరోపా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో ఉంది. యూరోజోన్ సభ్యత్వం లేకుండానే 2002 నుంచి యూరో వాడుతోంది. క్రొయేషియా అనుభవంతో పోల్చి, (1) చేరిన మొదటి ఏడాదిలో మాంటెనెగ్రో ఖజానాకు ఏ రాబడి ఆలస్యమవుతుంది, ఏ చెల్లింపు కొత్తగా మొదలవుతుంది, (2) దాని రైతుల్లో ఎవరికి మార్కెట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది, (3) క్రొయేషియాకు 2023లో కరెన్సీ మార్పు వల్ల వచ్చిన ప్రభావాల్లో ఏవి మాంటెనెగ్రోకు రావు, కారణాలతో రాయండి."

ఇట్లు,
ఐరోపా ఆర్థిక వ్యవహారాలు బోధించే కొందరు అధ్యాపకులు